కృష్ణ తెచ్చిన నేల

కృష్ణా డెల్టాలో బావి త్రవ్వించిన ప్రతివారికిని తెలిసిన సంగతి ఒకటి కలదు. గునపమునకు రాయి తగలదు. తెనాలి, రేపల్లె, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతములలో ఎంత లోతునకు దిగినను నల్లమట్టి, దానిక్రింద బంకమన్ను, ఆపై ఇసుక, మరల బంకమన్ను, ఒక్కొక్కచోట గుల్లలు, కుళ్ళిన ఆకుల నల్లని పొర, ఇవియే కనబడును. ఇంటి పునాదికి గాని, గట్టు కట్టుటకు గాని రాయి కావలసినచో బెజవాడ కొండలనుండియో, ఇంకను పడమటినుండియో బండ్లమీదను పడవలమీదను తెచ్చుకొనవలసి యుండెను. ఇంత సారవంతమైన దేశములో రాయి ఎందులకు లేదు? ఈ ప్రశ్నకు సమాధానమే ఈ దేశపు చరిత్ర.

రాజుల చరిత్రను శాసనములు చెప్పును. నేల చరిత్రను పొరలు చెప్పును. రెంటిని కలిపి చదువుటకు కృష్ణా డెల్టా వంటి చోటు మన దేశములో అరుదు. ఏలయన, ఇచ్చటి మట్టిలో చాలభాగము మనుష్యుడు ఉండగనే, అతని కన్నులయెదుటనే పేరుకొన్నది. మన నేల ఎట్లు ఏర్పడెను, ఎంతకాలములో ఏర్పడెను, నేడు దానికి ఏమి జరుగుచున్నది అను మూడు విషయములను ఈ వ్యాసములో వరుసగా విచారింతము.

మట్టి ఎక్కడిది?

కృష్ణానది మహారాష్ట్రములో మహాబలేశ్వరము చెంత సుమారు 1,340 మీటర్ల ఎత్తున పుట్టుచున్నది. అచ్చటినుండి అరేబియా సముద్రము 64 కిలోమీటర్ల దూరము మాత్రమే. కాని దక్కను పీఠభూమి తూర్పునకు వాలియుండుటచే ఈ నది దగ్గరనున్న సముద్రమును విడిచి, సుమారు 1,400 కిలోమీటర్లు ప్రయాణము చేసి, బంగాళాఖాతమును చేరుచున్నది. దారిలో భీమ, తుంగభద్ర, మూసి, మునేరు మున్నగు నదులు దానిలో కలియును. ఈ నదులన్నిటికి నీరిచ్చు పరీవాహక ప్రదేశము సుమారు 2,59,000 చదరపు కిలోమీటర్లు. అంత విశాలమైన ప్రదేశములో కురిసిన వాన తనతో కొట్టుకొని వచ్చిన మట్టియంతయు తుదకు ఒక్క బెజవాడ కనుమ గుండా దిగవలసినదే.

ఆ మట్టికి మూలమైన శిలలు ఒక్క తీరువి కావు. పడమటి భాగమున సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట భూమి పగుళ్ళనుండి పొంగి గడ్డకట్టిన నల్లరాయి, అనగా బసాల్టు, విస్తరించియున్నది. అది వాననీటికి, ఎండకు శిథిలమైనప్పుడు నల్లరేగడి మన్ను ఏర్పడును. తడిసిన ఉబ్బుట, ఎండిన బీటలువారుట ఈ మన్నుయొక్క గుణము. నడిమి భాగమున గ్రానైటు, నైసు శిలలు కలవు. వీనినుండి స్ఫటికపు ఇసుకయు, ఎఱ్ఱమన్నును వచ్చును. నల్లమల ప్రాంతమున కడప, కర్నూలు శిలాసముదాయములకు చెందిన గట్టి ఇసుకరాళ్ళు, పలకరాళ్ళు, సున్నపురాళ్ళు కలవు. కావున డెల్టాలో ఒక పిడికెడు మట్టి తీసికొన్నచో దానిలో సతారా కొండల నలుపు, తెలంగాణా గ్రానైటు మెరుపు, నల్లమల గులకల అరుగుదల కలిసియుండును.

నది తెచ్చు పదార్థమును శాస్త్రజ్ఞులు రేణువుల పరిమాణమును బట్టి విభజింతురు. రెండు మిల్లీమీటర్లకు పైబడినవి గులకలు. రెండు మిల్లీమీటర్లనుండి ఒక మిల్లీమీటరులో పదునారవ వంతువరకు ఇసుక. అంతకన్న చిన్నవి, మిల్లీమీటరులో 256వ వంతువరకు, ఒండ్రు. ఇంకను సన్ననివి బంకమన్ను. నీటిలో చిన్న రేణువు దిగు వేగము దాని వ్యాసముయొక్క వర్గమును అనుసరించి యుండును. అనగా వ్యాసము పదవవంతు అయినచో దిగు వేగము నూరవవంతు అగును. మిల్లీమీటరులో పదవవంతు వ్యాసముగల ఇసుక రేణువు నిశ్చలమైన నీటిలో మీటరు లోతు దిగుటకు రెండు నిమిషములు పట్టును. దానిలో యాబదవవంతు వ్యాసముగల మంటి రేణువుకు అదే లోతు దిగుటకు ఇంచుమించు మూడున్నర దినములు కావలెను. నది వేగము తగ్గినచోట ముందు గులకలు, పిదప ఇసుక, తుదకు ఒండ్రు, బంకమన్ను వరుసగా విడిపోవుటకు కారణమిదియే.

గులకలు పడమటనే ఆగినవి. పులిచింతల ప్రాంతమున కొల్లూరు వద్ద కృష్ణ ఒడ్డు గులకలలో వజ్రములు దొరకినవి. 17వ శతాబ్దిలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వచ్చి ఆ గనులను చూచి వర్ణించెను. వజ్రము బరువైనది, గట్టిది, అరుగనిది. కావుననే తేలిక మట్టి సముద్రమువైపు పోగా అది గులకలతో వెనుక నిలిచిపోయినది. ఆ కొల్లూరు గనుల ప్రదేశము నేడు పులిచింతల జలాశయపు నీటిక్రింద ఉన్నది.

బెజవాడ బెజ్జము

కృష్ణకు కొండ అడ్డుపడగా, ఆమె ప్రార్థించినంతట ఇంద్రకీలాద్రి చీలి బెజ్జమిచ్చెననియు, అందువలననే ఊరికి బెజ్జంవాడ, బెజవాడ అను పేరు వచ్చెననియు ఒక జనశ్రుతి కలదు. కథను అట్లుంచి, కథ పుట్టుటకు కారణమైన దృశ్యమును చూతము. ఉత్తరమున దుర్గకొండ, దక్షిణమున సీతానగరము కొండ. వాని నడుమ నది ఒక కిలోమీటరుకు కొంచెము పైబడిన వెడల్పున ఇమిడి పారుచున్నది. దానికి పైనను క్రిందను పాట్లు విశాలముగ ఉన్నవి.

ఈ కొండల రాయి ఖోండలైటు. తూర్పు కనుమలలో నివసించు ఖోండుల పేరును బట్టి ఈ శిలకు 1902లో వాకరు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ పేరు పెట్టెను. పూర్వమెన్నడో నీటిలో పేరుకొన్న బంకమన్నే భూమి లోతులలో వేడిమికిని ఒత్తిడికిని మారి ఈ శిల అయినది. కొండ చరియలో ఎఱ్ఱగా, బొట్లుబొట్లుగా కనబడునవి గార్నెటు స్ఫటికములు. కొండ ఒకేసారి చీలలేదు. శిల బలహీనమైనచోట నది లక్షల సంవత్సరములు కోసికొని, దారి చేసికొన్నది.

ఈ కనుమ దాటగనే నది స్వభావము మారును. ప్రకాశం బ్యారేజీ వెనుక నిలుపు నీటిమట్టము సముద్రమట్టమునకు 57 అడుగులు, అనగా పదునేడు మీటర్లకు కొంచెము పైన మాత్రమే. ఈ కొద్ది వాలుతో నది సుమారు నూరు కిలోమీటర్లు నడువవలెను. కొండల నిర్బంధము తొలగి, వాలు తగ్గి, వేగము మందగించిన నది మోసిన బరువును దింపుకొనును. అందుచే బెజవాడయే డెల్టాకు శిరస్సు. నైలు నది ముఖమునందలి భూమి గ్రీకు అక్షరమగు డెల్టా ఆకారమున ఉండుటచే ఆ పేరు వచ్చినదని మన విద్యార్థులెరుగుదురు. మన డెల్టాకును అదే త్రికోణాకృతి. శిరస్సు బెజవాడ, భుజములు ఒకవైపు బాపట్ల, నిజాంపట్నములవైపు, మరియొకవైపు మచిలీపట్నమువైపు. వైశాల్యము నాలుగున్నర వేల చదరపు కిలోమీటర్లకు పైమాట.

మెరక, పల్లము, లంక

వరద వచ్చినప్పుడు నది గట్టు పొర్లును. పొర్లిన నీటి వేగము గట్టు దాటగనే తగ్గును. కావున ముతక ఇసుక, ఒండ్రు గట్టుచెంతనే పడిపోవును. సన్నని బంకమన్ను దూరముగ పోయి పల్లములలో మెల్లగా దిగును. వేల వరదలు ఇట్లు వచ్చినపిదప నదికి ఇరువైపుల నేల ఎత్తై, దూరముగ నేల పల్లమై యుండును. ఇది సామాన్యముగ మనము అనుకొనుదానికి విపరీతము. కొండప్రాంతములో నది లోయ అడుగున పారును. డెల్టాలో నది తాను కట్టుకొన్న గట్టుమీద పారును.

మన రైతులకు ఈ భేదము శాస్త్రజ్ఞులకంటె ముందే తెలియును. మెరకలపై ఊళ్ళు, తోటలు, కంద, పసుపు, పల్లములలో వరి, నది నడుమ ఇసుకపై ఒండ్రు పేరి ఏర్పడిన లంకలలో కూరగాయలు, అరటి, సముద్రపు చేరువ పర్ర, చవుడు. నాగాయలంక, హంసలదీవి మున్నగు ఊళ్ళ పేర్లే ఆ నేల పుట్టుకను చెప్పుచున్నవి.

నది ఒకే దారిని ఎల్లకాలము ఉండదు. తాను పెంచుకొన్న గట్టు మిక్కిలి ఎత్తైనప్పుడు ఏదో ఒక పెద్ద వరదలో దానిని తెంచుకొని పల్లమునకు దూకి క్రొత్త పాయ తీయును. విడిచిన పాయ క్రమముగ పూడి, పొడవైన ఇసుకమెరకగ మిగులును. డెల్టాలో ఒక ఊరి బావిలో తియ్యని నీరు, ప్రక్క ఊరి బావిలో ఉప్పునీరు ఉండుటకు తరచు కారణమిదియే. మొదటి బావి పాత పాయ ఇసుకలో పడినది. రెండవది సముద్రపు బంకమట్టిలో పడినది. నేడు నది పులిగడ్డ వద్ద చీలి దివిసీమను తన చేతులలో పొదివి పట్టుకొనియున్నది. ఒక పాయ హంసలదీవి చెంత సముద్రమును చేరును. పెద్దపాయ నాగాయలంక దిగువకు పోయి మరల చీలి సముద్రమున కలియును.

నదీముఖమున ఇంకొక విశేషము కలదు. మంచినీటిలో బంకమంటి రేణువులు ఒకదానినొకటి వికర్షించుకొని విడివిడిగా తేలుచుండును. ఉప్పునీరు తగిలిన వెంటనే ఆ వికర్షణ తగ్గి, అవి ముద్దలై త్వరగా దిగిపోవును. దీనిని తరగతిలో తేలికగా చూపవచ్చును. రెండు గాజుసీసాలలో నీరుపోసి ఒక్కొక్కదానిలో చెంచాడు మెత్తని నల్లమట్టి కలుపవలెను. ఒకదానిలో రెండు చెంచాల ఉప్పు వేయవలెను. మరునాటికి ఉప్పునీరు తేటపడును. మంచినీరు ఇంకను మురికిగనే ఉండును. వరద రోజులలో మన పెద్దలు బిందెలో ఇండుపగింజ అరగదీసి బురదనీరు తేర్చుకొనుటలో జరుగునదియు ఇట్టి ముద్దకట్టుటయే. మన ఇంటి బిందెలో జరుగు పని సముద్రతీరమున కోసుల పొడవున జరుగుచున్నది. డెల్టా ముందుకు పెరుగుట ఈ విధముగనే.

సముద్రము ఎంతవరకు ఉండెను?

సుమారు 20,000 సంవత్సరముల క్రిందట భూమి మంచుయుగములో ఉండెను. నీరు ఉత్తర ఖండములపై మంచుగడ్డలుగ నిలిచిపోవుటచే సముద్రమట్టము ఇప్పటికంటె సుమారు 120 మీటర్లు క్రిందికి పోయెను. అప్పుడు కృష్ణ నేటి తీరము దాటి ఇంకను దూరము పోయి సముద్రమున పడుచుండెను. తరువాత మంచు కరగెను. సముద్రము మీదికి వచ్చి నది కోసిన లోయను ముంచి, లోపలికి చొచ్చెను. సుమారు 7,000 సంవత్సరముల క్రిందట ఆ పెరుగుదల మందగించెను. అప్పటినుండి నది తెచ్చు మట్టి సముద్రమును వెనుకకు నెట్టుట మొదలుపెట్టెను. ప్రపంచములోని పెద్ద డెల్టాలు పెక్కు ఈ కాలముననే పుట్టినవి. కొండల వయస్సుతో పోల్చినచో మన డెల్టా నిన్న పుట్టిన బిడ్డ.

సముద్రము వెనుకకు పోయిన జాడలను నేలపై చూడవచ్చును. అలలు తీరమున పోగుచేసిన ఇసుక గాలికి దిబ్బ కట్టును. తీరము ముందుకు జరిగినప్పుడు ఆ దిబ్బ వెనుక మిగిలి, క్రొత్త తీరమున మరియొక దిబ్బ పుట్టును. ఇట్టి ఇసుకమెరకలు తీరమునకు సమాంతరముగ వరుసలు తీరి యున్నవి. చీరాల, బాపట్ల ప్రాంతపు ఇసుకనేలలు ఇట్టివే. ఆ ఇసుకలో వాననీరు ఇంకి, అడుగునున్న ఉప్పునీటిపై తేలినట్లు నిలుచును. దానిని రైతులు దొరువులు త్రవ్వి చేదుకొని పైరులు పండించుట అనాదిగా వచ్చుచున్నది. ఒక దొరువులో నీరు తియ్యగ ఉన్నదనగా అచ్చట ఒకప్పుడు సముద్రపు ఒడ్డు ఉండెనని అర్థము చేసికొనవచ్చును.

ఇక కొల్లేరు. ఇటు కృష్ణ, అటు గోదావరి తమతమ డెల్టాలను సముద్రములోనికి పెంచుకొని పోగా, ఆ రెంటి నడుమ పూడక మిగిలిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మున్నగునవి దానిలో పడును. ఉప్పుటేరు దాని నీటిని సముద్రమునకు తీసికొనిపోవును.

చరిత్రకారులు ఇచ్చట భూగర్భశాస్త్రజ్ఞులకు తోడు వచ్చిరి. రేపల్లె చేరువనున్న భట్టిప్రోలు స్తూపమును 1892లో అలెగ్జాండరు రే త్రవ్వించగా ధాతుకరండములు, వానిపై బ్రాహ్మీలిపి శాసనములు బయలుపడినవి. అవి క్రీస్తు పూర్వము మూడవ లేక రెండవ శతాబ్దికి చెందినవని పండితుల నిర్ణయము. అనగా ఇరువది రెండు శతాబ్దముల క్రిందటనే ఆ ప్రదేశము స్తూపమును మోయగల గట్టినేల అయియుండెను. మచిలీపట్నమునకు పడమట నున్న ఘంటసాల మరియొక సాక్షి. క్రీస్తు శకము రెండవ శతాబ్దివాడగు టాలెమీ పేర్కొన్న కొంటకోస్సిల అను వర్తకస్థానము ఇదియేనని పండితులు గుర్తించిరి. నాగార్జునకొండ శాసనములలో కంటకసోల అను పేరు కలదు. ఆ నాడు ఓడవర్తకముతో వర్ధిల్లిన ఆ ఊరికి నేడు సముద్రము పదిహేను కిలోమీటర్లకు పైగా దూరమున ఉన్నది. శాసనమునందలి పేరు, నేలలోని ఇసుకపొర ఒకే మాట చెప్పుచున్నవి.

పొరలు చదివినవారు

మన తీరమును శాస్త్రరీతిని మొదట పరిశీలించినవారిలో రాబర్టు బ్రూస్ ఫుట్ ముఖ్యుడు. భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన ఈయన 1863లో మద్రాసు చెంత పల్లవరమున పాతరాతియుగపు పనిముట్టును కనుగొని ప్రసిద్ధి కెక్కెను. దక్షిణమున 15వ అక్షాంశమునుండి మచిలీపట్నము వరకుగల తూర్పుతీరపు భూగర్భ నిర్మాణముపై ఈయన వ్రాసిన గ్రంథము 1879–80 ప్రాంతమున వెలువడినది. గుఱ్ఱముపైనను కాలినడకను తిరిగి, బావుల గోడలు, కాలువల కోతలు చూచి వ్రాసిన రోజులవి.

తరువాతి వారికి రెండు క్రొత్త సాధనములు దొరకినవి. మొదటిది గుల్లలు, కట్టెలలోని రేడియోధార్మిక కర్బనమును కొలిచి వయస్సు నిర్ణయించు పద్ధతి. దీనిని అమెరికాలో లిబ్బీ 1949లో రూపొందించి 1960లో నోబెలు బహుమానము పొందెను. ప్రాణి చనిపోయినపిదప దానిలోని ఆ కర్బనము 5,730 సంవత్సరములకు సగమగును. మిగిలినదానిని కొలిచినచో ఎన్నాళ్ళ క్రిందట చనిపోయెనో తెలియును. రెండవది ఆకాశమునుండి తీసిన చిత్రములు. నేలమీద నడచువానికి కనబడని పాత పాయలు, ఇసుకమెరకల వరుసలు మీదినుండి చూచినప్పుడు గీతలవలె స్పష్టమగును. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు చెందిన ఆచార్య కె. నాగేశ్వరరావుగారును వారి సహచరులును ఈ సాధనములతో కృష్ణా, గోదావరి డెల్టాల చరిత్రను వివరముగ పరిశోధించిరి.

లోతైన త్రవ్వకములును జరిగినవి. 1970ల చివరినుండి చమురు, సహజవాయువుల కొరకు కృష్ణా–గోదావరి ప్రాంతమున కిలోమీటర్ల లోతు బావులు వేసిరి. పైనున్న కొన్ని పదుల మీటర్ల క్రొత్త మట్టి క్రింద, కోట్ల సంవత్సరముల పాత అవక్షేపములు కిలోమీటర్ల మందమున ఉన్నట్లు తేలెను. అనగా నదులు ఈ తావుననే పాత గొయ్యిని యుగయుగములుగా పూడ్చుచు వచ్చినవి. మనము దున్నుచున్నది ఆ దొంతరలో కడపటి పొర.

సముద్రపు అడుగున కూడ సాక్ష్యము దొరకినది. గోదావరి ముఖమునకు ఎదుట బంగాళాఖాతపు అడుగునుండి తీసిన మంటికంబమును పరీక్షింపగా, గడచిన నాలుగువేల సంవత్సరములలో దక్కను నల్లమట్టి పాలు హెచ్చినట్లు కనబడెను. వానలు తగ్గి చెట్టుచేమలు పలుచబడుట, మనుష్యుడు అడవి కొట్టి సేద్యము సాగించుట దీనికి కారణములని 2017లో ఆ పరిశోధకులు ప్రకటించిరి. మీద ప్రాంతపు రైతు నాగలికిని క్రింద ప్రాంతపు డెల్టాకును ఇట్టి సంబంధము కలదు.

ఆనకట్టనుండి జలాశయములవరకు

ఒండ్రునేల ఎంత మంచిదైనను నీరు వేళకు రాకున్న పండదు. 1832–33లో, నందన సంవత్సరమున, వచ్చిన డొక్కల కరవులో గుంటూరు జిల్లా నిర్మానుష్యమైనంత పని జరిగెను. అయిదు లక్షల జనములో ఇంచుమించు రెండు లక్షలు నశించిరని లెక్క. అదే సమయమున కృష్ణ నీరు వారి ప్రక్కనుండియే సముద్రములోనికి పోవుచుండెను. ఆ అనుభవమే తుదకు ఆనకట్టకు దారితీసినది. ఆర్థరు కాటను ప్రోత్సాహమున, కెప్టెను చార్లెసు ఓరు పర్యవేక్షణమున 1852లో ఆరంభమైన బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనది.

ఆ కట్టడమున ఇంజనీర్లకు ఎదురైన చిక్కు మన విషయమునకు సంబంధించినదే. నది అడుగున ఇసుక చాల లోతున ఉన్నది. రాతిపై పునాది వేయు వీలు లేదు. నదికి అడ్డముగ ఇసుకమీదనే రాళ్ళు పేర్చి, బరువుతో నిలిచెడు కట్టను నిర్మించిరి. అది నూరేళ్ళకు కొంచెము తక్కువగ నిలిచి 1952 వరదలో గండిపడినది. దాని స్థానమున 1954లో ఆరంభించిన బ్యారేజీ 1957 డిసెంబరులో ప్రారంభమైనది. అదే సంవత్సరము మే నెలలో దివంగతులైన టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు దానికి పెట్టిరి.

ఆనకట్టతోపాటు కాలువలు, కరకట్టలు వచ్చినవి. కాలువలు నీటితో కొంత ఒండ్రును పొలములకు చేర్చినవి. కరకట్టలు ఊళ్ళను వరదనుండి కాపాడినవి. కాని పూర్వము ప్రతి వరదకు నేలపై పడుచుండిన పల్చని మంటిపొర కట్టకు వెలుపల పడుట తగ్గిపోయెను. డెల్టాలోని మెత్తని మట్టి తన బరువునకు తానే కొద్దికొద్దిగా అణగుచుండును. క్రొత్త మట్టి పడుచున్నంతకాలము ఈ అణగుట మనకు తెలియదు. అది ఆగిపోయినచో జమ లేక ఖర్చు మిగులును.

పిదప పెద్ద జలాశయములు వచ్చినవి. తుంగభద్ర 1953లో నీరు నిలిపినది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమునుండి 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. 1980లలో శ్రీశైలము నిండినది. వీనివలన లక్షల ఎకరములు తడిసినవి, విద్యుత్తు వచ్చినది, వరద అదుపు కొంత కలిగినది. ఈ మేలును కాదనువారు లేరు. కాని నిశ్చలజలములో మట్టి దిగిపోవునను సీసా ప్రయోగము జలాశయమునకును వర్తించును. మొదట 408 టి.ఎం.సి.లుగ ఉన్న సాగరు నిలువశక్తి తరువాతి కొలతలలో సుమారు 312కు తగ్గినది. శ్రీశైలమునకు 308 ఉండగా అది సుమారు 215 అయినది. రెండు జలాశయములలో కలిపి పోయిన చోటు 189 టి.ఎం.సి.లు, అనగా సుమారు 535 కోట్ల ఘనమీటర్లు. అంత మట్టిని డెల్టా అంతటను సమముగ పరచినచో మీటరుకు పైగా మందము వచ్చును. ఆ మట్టియంతయు డెల్టాపైననే పడియుండెడిది కాదు. చాలభాగము సముద్రములోనికి పోయెడిది. అయినను తీరమును నిలబెట్టునది ఆ సముద్రములోనికి పోవు మట్టియే.

నది నీటిలో తేలివచ్చు మట్టి లెక్కలు కూడ ఈ మాటనే బలపరచుచున్నవి. నాగేశ్వరరావుగారి బృందము 2010లో ప్రకటించిన ప్రకారము, 1966–69లో సంవత్సరమునకు 90 లక్షల టన్నులుగ ఉన్న కృష్ణ మట్టి, 2000–2005 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయెను. మొదటి లెక్క నాటికే మీది జలాశయములు కొన్ని పనిచేయుచున్నవని గమనింపవలెను. నూరుపాళ్ళలో తొంబదియైదు పాళ్ళు తగ్గినదన్నమాట. కృష్ణా, గోదావరి డెల్టాల 336 కిలోమీటర్ల తీరములో 1965నుండి 2008 వరకు 76 చదరపు కిలోమీటర్ల నేల నికరముగ సముద్రము పాలైనదనియు, ఈ కోత 1990 తరువాత మరింత హెచ్చినదనియు అదే పరిశోధన తెల్పుచున్నది. ఏడువేల సంవత్సరములు సముద్రమును వెనుకకు నెట్టిన నది, మన తరములో వెనుకకు తగ్గుట ఆరంభించినది. ఇది మన దేశమునకే ప్రత్యేకము కాదు. 1970లో ఆస్వాను ఎత్తు ఆనకట్ట పూర్తియైనపిదప నైలు డెల్టా తీరమును ఇట్లే కోతకు గురియైనది.

ఇందులో ప్రాణముల ప్రశ్న కూడ ఇమిడియున్నది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో మచిలీపట్నపు ప్రాంతమున ముప్పదివేలమంది వరకు మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేలమందికి తక్కువ కాక నశించిరి. ఉప్పెన నీరు ఎంతదూరము లోపలికి వచ్చునన్నది గాలి వేగముమీదనే కాక, నేల ఎత్తుమీదను, తీరపు ఇసుకదిబ్బలమీదను, బురదను వేళ్ళతో పట్టియుంచు మడ అడవులమీదను ఆధారపడియుండును. నేల ఒక అడుగు అణగుట, సముద్రము ఒక అడుగు పెరుగుట ఇచ్చట ఒకే ఫలితమును కలిగించును. 2024 సెప్టెంబరు ఆరంభమున ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద వచ్చినది. అదే సమయమున బుడమేరుకు గండ్లుపడి విజయవాడలో పల్లపు పేటలు మునిగినవి. పల్లము తన చరిత్రను మరువదు. దానిపై ఇండ్లు కట్టిన మనమే మరచితిమి.

చేయదగిన పని

ఆనకట్టలు పడగొట్టవలెనని ఎవరును అనజాలరు. కాని చేయదగినవి కలవు. నదిలో మిగిలిన కొద్ది ఇసుకను మితిమించి తవ్వకుండుట, తీరపు దిబ్బలను చదును చేయకుండుట, మడ అడవులను నరుకకుండుట, పాత పాయలను, పల్లములను గుర్తించి వానిని నీటికి విడిచిపెట్టుట సాధ్యమైన పనులే. జలాశయములలో పూడిన మట్టిని వరదకాలమున కొంతయైనను క్రిందికి వదలు ఉపాయములను ఇతర దేశములలో ఇంజనీర్లు ప్రయోగించుచున్నారు. మన నదికి వానిలో ఏవి పొసగునో లోతుగ ఆలోచింపవలసియున్నది.

ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు ఇందులో ఒక ప్రత్యేకావకాశము కలదు. ఊరిలో బావి గాని, బోరు గాని, చెరువు గాని త్రవ్వునప్పుడు విద్యార్థులను తీసికొనిపోయి, ఎన్ని అడుగుల లోతున ఏ రంగు మట్టి, ఎచ్చట ఇసుక, ఎచ్చట గుల్లలు, ఎచ్చట నీరు, అది తీపియో ఉప్పో వరుసగ వ్రాయించవచ్చును. ప్రతి పొరనుండి పిడికెడు మట్టి తీసి పేరు వ్రాసిన సీసాలో భద్రపరుపవచ్చును. దీనికి ఖర్చు లేదు. కొలబద్ద, నోటుపుస్తకము చాలును. పది ఊళ్ళ లెక్కలు ప్రక్కప్రక్కన పెట్టినచో పాత పాయ ఏ దారిని పోయెనో, సముద్రపు ఒడ్డు ఎచ్చట ఉండెనో విద్యార్థులే గీయగలరు. బోరు యంత్రము ఒక పగటిలో వందల అడుగులు దిగి, వేల సంవత్సరముల పొరలను కలగలిపి బయట పోసి, సాయంకాలమునకు వెళ్ళిపోవుచున్నది. దానిప్రక్క ఒక విద్యార్థి నోటుపుస్తకముతో నిలుచున్నచో ఆ చరిత్ర మనకు దక్కును.